నడిబజారున గుఱ్ఱపు పోలీసు

ఒక పట్టణపు నడిబజారు క్షీణింప నారంభించినప్పుడు, దానిని బాగుచేయుటకై కూడిన సభలలో నేదో యొకనాడు గుఱ్ఱము ప్రస్తావనకు వచ్చును. అమెరికా నగరముల సంగతి తెలిసినవారి కిది వింత కాదు. పెద్ద యంగళ్లు మూతపడినవి. మేడల పై యంతస్తులు ఖాళీగా నున్నవి. కచేరీలు విడిచిన తరువాత వీధిలో మనుష్యసంచారము సన్నగిలును. మిగిలిన కొలదిమందిలో భయపెట్టువా రెవరో, భయపడువా రెవరో చెప్పుట కష్టము. అట్టి సమయమున వర్తకులలో నొకరు లేచి, గుఱ్ఱపు పోలీసులను దింపినచో వీధి యా చివరినుండి యీ చివరివఱకు కనబడుదురు, దొంగలు జంకుదురు, పిల్లలు సంతోషింతురు అని సూచించును. సభ చప్పట్లు కొట్టును. ఇంత సులభముగా చప్పట్లు సంపాదించు సూచనను మఱియొకదానిని మే మెఱుగము. మా యనుమానము ఆ చప్పట్లతోనే మొదలైనది.

పరదేశపు బజారు గొడవ మన కేల యని చదువరులలో కొందఱు తలంపవచ్చును. న్యూజెర్సీ రాష్ట్రమున తెలుగు కుటుంబములు వేలకొలదిగ స్థిరపడియున్నవి. ఎడిసను వంటి యూళ్లనుండి పనికి పోవు బిడ్డలలో ననేకులు నెవార్కు రైలుస్టేషనులో బండి మారుదురు. ఇచ్చట గుంటూరులోనో వరంగల్లులోనో కూర్చున్న తల్లి ఫోనులో అడుగు ప్రశ్న యొక్కటే: "పొద్దుపోయిన తరువాత అక్కడ భయము లేదు గదా?" ఏ నగరపాలకులైనను ఈ ప్రశ్నకు గుఱ్ఱమును సమాధానముగా చూపినచో, ఆ సమాధాన మెంతవఱకు నిలుచునో పరీక్షించు హక్కు ఆ తల్లికిని కలదు. నెవార్కును మే మూరక యెంచుకొనలేదు. వీధిలో పోలీసువాడు ఎట్లు సంచరించిన జనులకు ధైర్యము కలుగునను విషయమున అమెరికాలో జరిగిన ముఖ్యమైన పరీక్షలలో నొకటి ఆ పట్టణముననే జరిగినది.

ఈ విమర్శకు మేము మూడు రచనలను ముందుంచుకొన్నాము. మొదటిది జేన్ జేకబ్సు 1961లో ప్రకటించిన అమెరికా మహానగరముల చావుబ్రదుకులను గూర్చిన గ్రంథము. రెండవది జేమ్సు విల్సను, జార్జి కెల్లింగు అనువారు 1982 మార్చి నెలలో అట్లాంటిక్ మాసపత్రికలో వ్రాసిన 'పగిలిన కిటికీలు' అను వ్యాసము. మూడవది ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమువారును రాండ్ యూరోపు సంస్థవారును కలిసి బ్రిటనులోని ఆశ్విక పోలీసు దళములను గూర్చి 2014లో వెలువరించిన నివేదిక. ఈ మూడింటిలో గుఱ్ఱమును గూర్చినది చివరిది యొక్కటియే. మొదటి రెండును చదువక దానిని చదివినవారు మాత్రము గుఱ్ఱమునకు తగినదానికంటె నెక్కువ గౌరవ మిత్తురని మా భయము.

గుఱ్ఱము పోలీసువాని క్రిందికి వచ్చిన కథ కొంచెము చెప్పవలసియున్నది. లండను నగరమునకు పోవు బాటలపై దారిదోపిడి గాండ్రను అణచుటకు 1805లో బో వీధి న్యాయస్థానమువా రొక గుఱ్ఱపు గస్తీని స్థాపించిరి. ఊరి వెలుపలి చీకటిబాటలపై ఒంటరిగా బండిలో పోవు బాటసారికి ఎదురుగా వినబడు డెక్కల చప్పుడు అభయము. ఇది గుఱ్ఱమున కొక ముఖము. రెండవ ముఖము పదునాలుగేండ్లలోనే మాంచెస్టరు జనులకు కనబడినది. 1819 ఆగస్టు 16వ తేదీన సెంటు పీటర్సు మైదానమున పార్లమెంటు సంస్కరణము కోరి చేరిన సుమారు 60,000 మంది జనముపైకి గుఱ్ఱపుదళములను తోలిరి. తక్కువలో తక్కువ 15 మంది చనిపోయిరి, కొన్ని వందలమంది గాయపడిరి. వారు పోలీసులు కారు, సైనికులు. అయినను గుఱ్ఱము క్రింద పడినవానికి ఆ భేదముతో పని లేదు. గుంపులో ఒక రౌతు పదిమంది పదాతులకు సాటి యని పోలీసువారు నేటికిని చెప్పుకొందురు. అమెరికాలో వానికి పదియడుగుల పోలీసని ముద్దుపేరు గలదు. ఆ పదియడుగులలో నొక సగము అభయము, ఒక సగము భయము. ఏ సగ మెవరికి కనబడుననునది చూచువాడు నిలుచున్న చోటునుబట్టి యుండును.

మన దేశమున నీ సంగతి వివరింప నక్కఱలేదు. పెండ్లి యూరేగింపులో దళిత వరుడు గుఱ్ఱ మెక్కినాడని దాడి చేయుట కొన్ని రాష్ట్రములలో నీ శతాబ్దమునను జరుగుచునే యున్నది. గుఱ్ఱము వట్టి వాహన మైనచో నంత కోపమేల?

ఇక 2014 నాటి నివేదికకు వత్తము. దానిలో నెల్లర నోట పడిన మాట యొకటి కలదు: పేటలలో గస్తీ తిరుగునప్పుడు, ఒకే కాలములో, కాలినడకను పోవు పోలీసులకంటె గుఱ్ఱముపై పోవువారిని జనులు ఆఱు రెట్లు ఎక్కువగా పలుకరించిరట. ఇది చిన్న సంగతి కాదు, ఎగతాళి చేయదగినదియు కాదు. మనలో నెంతమందిమి దారిలో కనబడిన పోలీసువానిని ఊరక పలుకరింతుము? పలుకరించిన పని యున్నదనుకొనును. పని లేదన్న అనుమానించును. గుఱ్ఱమున్నచో ఆ చిక్కు లేదు. దాని పేరేమని బాలిక యడుగును. కఱచునా యని తల్లి యడుగును. తాను చిన్ననాట పల్లెలో గుఱ్ఱమును పెంచితినని ముసలివాడు చెప్పును. మాట గుఱ్ఱముతో మొదలై పోలీసువానివద్దకు చేరును. దాని కెవరు చేయి చాచినను సమ్మతమే. అది యెవరి జాతిని, ఎవరి చొక్కాను చూడదు. కారులో పోవు పోలీసువాడు అద్దముల వెనుక దాగవచ్చును, సెల్లుఫోను చూచుకొనుచు కూర్చుండవచ్చును; రౌతున కా వసతి లేదు. వీధి వానిని చూచుచునే యుండును.

కావున గుఱ్ఱము వీధికి తెచ్చు లాభము బలము కాదు, పలుకరింపు. నడిబజారు సభలో చప్పట్లు కొట్టువారు దీనిని గుర్తింపలేదని మా ఫిర్యాదు. దొంగలు జంకుదురను మాటకై వారు గుఱ్ఱమును కోరుచున్నారు. నివేదికలో నెక్కువ వన్నెకెక్కిన ఫలితము మాత్రము పిల్లలు సంతోషింతురను మాటకు దగ్గఱగా నున్నది. ఇంతేకాదు, ఆఱు రెట్లను సంఖ్య పలుకరింపు లెంత తఱచో చెప్పును గాని, ఎవ రెవరు పలుకరించిరో, పలుకరింపక ప్రక్కసందులోనికి తప్పుకొన్నవా రెవరో ఆ సంఖ్యవలన తెలియదు. పలుకరించువాడు సాధారణముగ భయము లేనివాడు. నడిబజారు క్షేమమునకు మనము లెక్కింపవలసినది రెండవవానిని.

ఈ రెండవవానిని చూడవలెనన్న నెవార్కు పోవలెను. 1950లో 4,38,776 మంది జనముతో నిండియున్న ఆ నగరము 2000 నాటికి 2,73,546 మందికి దిగజాఱినది. కర్మాగారములు పోయినవి, కలవారు, ముఖ్యముగ తెల్లవారు, పొలిమేర దాటి తోటయిండ్లకు వెడలిరి, 1967 జూలైలో ఒక నల్లజాతి టాక్సీ డ్రైవరును పోలీసులు కొట్టినదానితో చెలరేగిన అల్లరులలో 26 మంది చనిపోయిరి. ఆఱేండ్లకు, 1973లో, న్యూజెర్సీ ప్రభుత్వమువారు 28 పట్టణములలో పేటల క్షేమమునకును శుభ్రతకును ఒక పథకము పెట్టి, పోలీసులను కారులనుండి దింపి నడిపించుటకు ధనసహాయము చేసిరి. పోలీసు అధికారుల కది రుచింపలేదు; చలిలో వానలో నడచుట జవానులలో ననేకులకు శిక్షవలె తోచినది. అయిదేండ్ల తరువాత నెవార్కులో దాని ఫలితమును పోలీసు ఫౌండేషను అను సంస్థ పరీక్షించెను. తేలినదేమనగా: కాలినడక గస్తీవలన నేరములు తగ్గలేదు. అయినను ఆ పేటలవారు తాము మునుపటికంటె క్షేమముగా నున్నామని చెప్పిరి, నేరములు తగ్గినవనియు నమ్మిరి, పోలీసులను గూర్చి మంచిగా మాటాడిరి.

సామాన్యుడైన విమర్శకుడు ఇచ్చట జనులు మోసపోయిరని తీర్పు చెప్పి లేచిపోవును. విల్సను, కెల్లింగులు అట్లు లేవలేదు. వారి వ్యాసమున కున్న గొప్పతన మదియే. జనులు మోసపోలేదని వా రనిరి. వీధిలో మనుష్యుడు భయపడునది దొంగకు మాత్రమే కాదు. త్రాగి మీద పడువానికి, దారి కడ్డము నిలిచి యడుగువానికి, గుంపుగా గోలచేయు కుఱ్ఱవాండ్రకు కూడ భయపడును. ఆ యలజడిని కాలినడక పోలీసు అదుపులో నుంచెను గావున భయము తగ్గుట న్యాయమే. ఈ మాటను మేము సంపూర్ణముగ నంగీకరింతుము. మన యాడువారు బస్సు కొఱకు నిలువబడు చోట అనుభవించు భయములో నేరముగా నమోదగునది యెంత?

కెల్లింగు ఆ గస్తీవారితో కూడ నడచి చూచిన వృత్తాంతము వ్యాసమునందు అన్నిటికంటె బాగున్నది. నెవార్కు నడిబొడ్డున ఒక పాడుపడిన పేట. విడిచిన భవనములు, చిన్న చిన్న దుకాణములు, ఒక పెద్ద యంగడి, రైలుస్టేషను, బస్సులాగు చోట్లు. జనము నిండుగానే యున్నది. వారిలో నెక్కువమంది నల్లవారు, పోలీసువాడు తెల్లవాడు. అతడు ఆ పేటవారిని రెండు తెగలుగ నెఱుగును: నిత్యము కనబడువారు, క్రొత్తవారు. నిత్యులలో త్రాగుబోతులును కలరు, వారికి నియమములును కలవు. మెట్లపై కూర్చుండవచ్చును గాని పండుకొనరాదు. ప్రక్కసందులలో త్రాగవచ్చును గాని నడికూడలిలో త్రాగరాదు. సీసా కాగితపు సంచిలో నుండవలెను. బస్సు కొఱకు నిలిచినవారిని యాచింపరాదు, విసిగింపరాదు. ఏ శాసనసభయు చేయని యీ నియమము లన్నియు ఆ పోలీసువాడును ఆ పేటవారును కలిసి, నోటిమాటలతో, ఎన్నో సాయంకాలముల సహవాసముచేత కుదుర్చుకొన్నవి.

ఈ దృశ్యమున గుఱ్ఱమును నిలిపి చూడుడు. మెట్లపై కూర్చున్న త్రాగుబోతుతో కాలినడక పోలీసు ముఖాముఖిగ మాటాడును; కావలసిన ప్రక్కను కూర్చుండును. రౌతు మాట పైనుండి రాలును. దుకాణములో గొడవ జరిగినచో నడచువాడు లోపలికి పోవును. రౌతు దిగవలెను, దిగినచో కళ్లెము పట్టుకొను రెండవవా డుండవలెను. మేడమెట్ల మీదికి, స్టేషను క్రిందిదారిలోనికి, ఇరుకు సందులోనికి గుఱ్ఱము పోదు. అదే వ్యాసములో రచయితలు కారులోని పోలీసును గూర్చి చక్కగా చెప్పిరి: వానికిని పౌరునికిని నడుమ తలుపొకటి, కిటికీయొకటి యుండును; ఆ కిటికీలోనుండి చేయు సంభాషణ వేఱు, వీధిలో ప్రక్క ప్రక్కన నిలిచి చేయు సంభాషణ వేఱు. గుఱ్ఱ మీ రెంటిలో దేనికి దగ్గఱ? తలుపు లేదు, నిజమే. కాని ఎత్తు కలదు. పలుకరింపునకు కాలినడక పోలీసుకంటె మేలు, ఒప్పందమునకు వానికంటె చాల తక్కువ: మా తీర్పు ఇది. నడిబజారునకు పలుకరింపు అలంకారము, ఒప్పందము అన్నము.

అయితే ఆ యొప్పందము న్యాయమైనదా? ఇచ్చట మేము విల్సను, కెల్లింగులను విడిచిపెట్టలేము. వారి వృత్తాంతముననే యొక వాక్యార్థము మమ్ము బాధించినది. దుకాణదారునికిని కొనవచ్చినవానికిని తగవు వచ్చినచో దుకాణదారుడే ఒప్పని ఎంచెదరట. కొనవచ్చినవాడు క్రొత్తవా డయ్యెనా యిక చెప్పనక్కఱలేదు. నిత్యులు, క్రొత్తవారను ఈ విభాగమున రంగు తక్కెడలో నొక ప్రక్క వేలు పెట్టదని యెవరు పూచీ? ఆ ప్రశ్నను రచయితలే వేసికొనిరి. పోలీసులు పేటవారి దురభిమానమునకు పనిముట్లు కాకుండ చూచుట యెట్లని యడిగిరి. తృప్తికరమైన జవాబు తమవద్ద నున్నదని నమ్మకము లేదని యొప్పుకొనిరి. తగిన మనుష్యులను ఎన్నుకొని, శిక్షణ యిచ్చి, కనిపెట్టియుండుటకంటె వారికి వేఱు మార్గము తోచలేదు. నిజాయితీ గల యొప్పుకోలే. కాని యంత పెద్ద గోతిని చూచినవారు దానిపై నంత సన్నని పలక వేసి దాటిపోవుట తగునా? వ్యాసము పేరు నినాదమై, నగరముల పోలీసు విధానమై, ఇరువదేండ్లకు పైగా నడచినది. పేటవారితో మాటాడి నియమములు కుదుర్చుకొనుట కష్టము. ఆపి సోదా చేయుట సులభము. సులభమైనదే వ్యాపించినది. 2014లో అమెరికా కేంద్ర న్యాయశాఖవారు అదే నెవార్కు పోలీసుశాఖను విచారించి, దారిన పోవువారిని ఆపినట్లు పోలీసులు వ్రాసికొన్న కాగితములలో సుమారు నూటికి 75 వానియందు చట్టము కోరు కారణమే చూపబడలేదని తేల్చిరి. 2016లో ఆ శాఖ న్యాయస్థానపు పర్యవేక్షణకు లోబడవలసివచ్చెను. కాలినడక పోలీసు పేటతో కుదుర్చుకొన్న మాటలను ముప్పది రెండేండ్ల క్రిందట వ్యాసము మెచ్చుకొన్న నగర మిదియే!

నేలపై నడచు పోలీసునందే యింత యపాయ మున్నప్పుడు, ఎత్తుననున్నవాని సంగతి చెప్పవలెనా? 2019 ఆగస్టు 3వ తేదీన టెక్సాసు రాష్ట్రమందలి గాల్వెస్టను పట్టణపు నడిబజారులో నొక నల్లజాతి మనుష్యుని, నిషిద్ధస్థలమున ప్రవేశించినాడని ఇరువురు తెల్లజాతి రౌతులు నిర్బంధించిరి. చేతులకు సంకెలలు వేసి, సంకెలలకు త్రాడు తగిలించి, రెండు గుఱ్ఱముల నడుమ వీధివెంట నడిపించుకొని పోయిరి. దారిన పోవువా రెవరో ఛాయాచిత్రము తీసిరి. అమెరికాలో బానిసత్వపు కాలము నెఱిగినవా రా చిత్రమును చూచి ఏమి తలచిరో చెప్పవలసిన పని లేదు. పోలీసు అధిపతి క్షమాపణ కోరి, ఆ పద్ధతిని మానిపించెను.

ఈ సంఘటనను రౌతుల దుర్మార్గముగ మాత్రమే చదివి విడిచిపెట్టుట మా కిష్టము లేదు. అట్లు చదివిన గుఱ్ఱము నిర్దోషియై బయటపడును. పట్టుబడినవానిని తీసికొనిపోవు బండి యప్పుడే దొరకలేదు. గుఱ్ఱముపై వానిని ఎక్కించుకొనుట కాదు. గుఱ్ఱమును విడిచి వానితో నడచుటయు కాదు. కారున్న పోలీసు వెనుకసీటులో కూర్చుండబెట్టును. కాలినడక పోలీసు ప్రక్కను నిలిచి బండి వచ్చువఱకు కాచుకొనును. రౌతులును కాచుకొనవలసినది, కాచుకొనలేదు. వారి చేతిలో నున్న సాధనము వారి కా త్రాటి నుపాయమును చూపినది. నడిబజారు క్షేమమునకై గుఱ్ఱము కొనువారు, అది తన వీపున మోయలేని పను లెవ్వియో ముందుగ వ్రాసి పెట్టుకొనవలెను. వానిలో మొదటిది నిర్బంధము.

ఇక జేన్ జేకబ్సు. ఆమె పోలీసును గూర్చి వ్రాసినది తక్కువ. అందువలననే మాకు కావలసినది ఆమెవద్ద నెక్కువగా దొరకినది. వీధి శాంతిని ముఖ్యముగ కాపాడువారు పోలీసులు కారు, పోలీసులు అవసరులైనను. ఆ వీధిలో బ్రదుకు జనులే, తమకు తెలియకయే, ఒకరి నొకరు కనిపెట్టుకొని యుండుటచేత కాపాడుకొందురని యామె సిద్ధాంతము. దానికొక కథ చెప్పినది. న్యూయార్కులో హడ్సను వీధిలోని తన యింటి కిటికీనుండి చూచుచుండగా, ఎనిమిది తొమ్మిదేండ్ల బాలికను ఒక మనుష్యుడు తనతో తీసికొనిపోవ ప్రయత్నించుచున్నాడు. బాలిక గోడ కంటుకొని బిఱ్ఱబిగిసి నిలిచినది. తాను దిగి పోవుదునా యని యామె తలంచునంతలో మాంసపుటంగడి యజమానుని భార్య వెలుపలికి వచ్చి మాట వినబడునంత దూరమున నిలిచెను. పానశాలనుండి ఇరువురు బయటికి వచ్చిరి. పండ్లవాడు, చాకలికొట్టువాడు, తాళములు బాగుచేయువాడు అందఱును గుమ్మములలోనికి వచ్చిరి. మేడ కిటికీలు కొన్ని తెఱచుకొన్నవి. ఆ మనుష్యునికి తెలియకయే వాని చుట్టు కోట కట్టబడినది. తీరా చూడగా వాడు ఆ పిల్ల తండ్రియే!

చదువరులకు నవ్వు వచ్చును, మాకును వచ్చినది. కాని ఆ కథలో తండ్రి యగుటయే ముఖ్యమని మాకు తోచుచున్నది. వీధి యావత్తు లేచి నిలిచినది, ఎవరిని కొట్టలేదు, త్రాటితో కట్టలేదు, నిజము తెలిసినపిమ్మట లోపలికి పోయినది. పొరపాటునకు కలిగిన నష్టము శూన్యము. అదే చోట ఒక రౌతు గుఱ్ఱమును గోడవైపునకు నడిపించియున్నచో ఆ తండ్రికిని ఆ పిల్లకును ఎట్లుండెడిది?

జేకబ్సు గ్రంథమున కొక లోపము లేకపోలేదు. ఆమె వీధిలో మాంసపుటంగడి యున్నది, పండ్లకొట్టున్నది, పైన కాపురము లున్నవి. ఎవరును లేని వీధిలో చూచు కన్ను లెక్కడినుండి వచ్చునను దానికి ఆమె జవాబు నిదానముగ నడచునది: కాపురములు, దుకాణములు, పాత భవనములు, వేఱు వేఱు వేళల వచ్చు జనములు కలసి యుండవలెననుట. ఈ రాత్రి ఎనిమిది గంటలకు బస్సు కొఱకు నిలిచిన స్త్రీకి అది చాలదు. కనుక నడిబజారు సభవారి తొందర మాకు తెలియకపోలేదు. పోలీసువాడు కావలెను, నేడే కావలెను. ఎట్టివాడు కావలెననుటయే ప్రశ్న.

ఫిలడెల్ఫియా నగరము దీనికి కొంత వెలుగు చూపును. అచ్చటివారు 2004లో తమ ఆశ్విక దళమును ఎత్తివేసిరి. 2009లో హింస యెక్కువగా నున్న 60 చిన్న చిన్న ప్రదేశములను ఎంచి, రెండు వందలకు పైగా పోలీసులను కాలినడకను తిప్పి, గస్తీ లేని వానితో పోల్చి చూచిరి. పండ్రెండు వారములలో హింసానేరములు నూటికి 23 తగ్గినవి. గస్తీ తీసివేసిన పిమ్మట ఆ మేలును నిలువలేదు. నెవార్కులో కలుగని నేరక్షయము ఇచ్చట కలుగుటకు, పెద్ద పేట లంతట నడువక కొలది మూలలనే గట్టిగ పట్టుకొనుట ముఖ్య కారణముగ కనబడుచున్నది. 2011లో ఆ నగరముననే గుఱ్ఱములు మరల వచ్చినవి. బోస్టనువారు 2009లో ఖర్చు తగ్గించుటకై తీసివేసిన గుఱ్ఱముల సంగతియు చదువరులు వినియుందురు. బడ్జెటు చిక్కినప్పుడు మొదట పోవునది గుఱ్ఱమే యైనచో, నడిబజారువారి కది యెంతటి యాధారము?

ఖర్చు మాట వచ్చినది గావున చెప్పుదుము. గుఱ్ఱము సెలవుదినమునను తినును. పెద్ద గుఱ్ఱమునకు దినమునకు పది కిలోల మేత దాణాలు కావలెను. ఆఱెనిమిది వారముల కొకసారి లాడములు మార్చవలెను. లాయము, సాయీసు, పశువైద్యుడు, మోసికొనిపోవు లారీ కావలెను. ఇన్ని చేసినను దినమునకు కొన్ని గంటలకంటె గట్టినేలపై దానిని నిలుపుట జీవహింస. జీతము తీసికొనక పనిచేయు నా మూగజీవి పక్షమున మాటాడువారు సభలో సాధారణముగ నొకరును నుండరు. బొంబాయిలో మోటారులు పెరిగినవని 1932లో ఎత్తివేసిన ఆశ్విక దళమును 88 ఏండ్లకు, 2020 జనవరిలో, తిరిగి నెలకొల్పిరి. మోటారు లీ నడుమ తగ్గినవి కావు. ఆ దళపు ఉడుపులను చలనచిత్ర నటులకు దుస్తులు కూర్చు ప్రసిద్ధుడు కూర్చెనని పత్రికలలో చదివినప్పుడు, ఎవరి కన్నులకై గుఱ్ఱము తిరిగి వచ్చినదో మాకు కొంత తెలిసినది. మన హైదరాబాదులో పోలీసు గుఱ్ఱములు నిజాము కాలపు పరంపరగా నున్నవి. అవి యూరేగింపులకు, జనసమ్మర్దములకు బందోబస్తునకై వచ్చుట చూచియున్నాము. పేటలో నిత్యము తిరిగి జనులతో మాటాడు పనికి వానిని వాడవలెననువారు ఆ రెండు పనులును ఒక్కటి కావని గుర్తింపవలెను.

నెవార్కులో నిటీవలి మార్పున కొకే కారణము చెప్పుట సాహసము. 2013లో నూఱు దాటిన హత్యలు 2024 నాటికి నలువదికి లోబడినవి. ఆ నడుమ న్యాయస్థానపు పర్యవేక్షణలో పోలీసుశాఖ కొంత మాఱినది. 2014 నుండి ఆ పేటలవారే కొందఱు దళముగ నేర్పడి, ఆయుధము లేక, పాఠశాలల దారులలోను కూడళ్లలోను నిలిచి, తగవులు ముదురకమునుపే తీర్చుట కారంభించిరి. వారిలో నొకప్పుడు చెఱసాల చూచి వచ్చినవారును కలరు. కెల్లింగు వెంట నడచిన పోలీసువాడు నిత్యులని పిలిచిన తెగనుండి వచ్చినవారే వీ రనవచ్చును. పోలీసువాడు వారితో కుదుర్చుకొన్న నియమములను ఈసారి వారే తమలో కుదుర్చుకొనుచున్నారు. 2014 నివేదికవారు ఇట్టి దళమును గుఱ్ఱముతో పోల్చి పలుకరింపులు లెక్కపెట్టియున్నచో మే మా పుటలను ముందుగ చదివియుందుము.

ఆ నగరమందలి బ్రాడ్ వీధిలో హానేసు అను పెద్ద యంగడి 1987లో మూతపడి, ముప్పదేండ్లకు దగ్గఱగా చీకటి భవనముగ నిలిచి, 2017లో మరల తెఱవబడినది. క్రింద కిరాణా సరుకుల యంగడి, నడుమ విశ్వవిద్యాలయమువారి కళాభ్యాసమందిరములు, పైన 160 కాపురములు. రాత్రి తొమ్మిది గంటలకు దాని కిటికీలలో దీపము లుండును. దాని ముందర నొక రౌతు గుఱ్ఱమును నిలిపినచో మాకు నభ్యంతరము లేదు. పైనుండి చూచువారు కలరు, వా డేమి చేయుచున్నాడో వారికి తెలియును, వాని పేరును కొలదిదినములలో తెలిసికొందురు. దీపము లేని మేడ యెదుట నిలుపుదమని సభవారు పట్టుబట్టినచో మాత్రము, వాని పహరా యే వేళ మొదలై యే వేళకు ముగియునో, పట్టుబడినవానిని తీసికొనిపోవు బండి యెంతసేపటిలో వచ్చునో, పోయిన తరువాత వీధిలోని లద్దె యెవ రెత్తుదురో, ఈ మూడింటికి సభలోనే వ్రాతమూలకముగ జవాబు తీసికొనవలెనని వర్తకులకు మా మనవి.